మా నాన్న స్నేహితులు చెప్పిన అబద్ధాలు

"మా ఇంట్ల సొరకాయ ఎవ్వరం తినం వదినా. మాట మీద మాట పోయి వేలంల పాడేసిన. పారేస్తే పాపం, నువ్వే ఉంచుకో."

1998 జనవరి చివర్లో ఒక ఆదివారం రాత్రి మా అరుగు మీద నిలబడి టైలర్ చిన్నాయన మా అమ్మతో అన్న మాట ఇది. ఆయన చేతిలో ఉన్న సొరకాయ ఆ పొద్దున మా పందిరి మీద నుంచి కోసిందే. నాకప్పుడు పదహారేళ్లు. సొరకాయలో శనగపప్పు వేసి వండితే ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకుంటాడని ఊళ్లో అందరికీ తెలుసు, మా అమ్మకు ఇంకా బాగా తెలుసు. అయినా అమ్మ ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని ఆ కాయ అందుకుంది.

ఆ ఏడాది మాతో ఇలాంటి అబద్ధాలు చెప్పిన మనుషులు ముగ్గురు. ముగ్గురూ మా నాన్న స్నేహితులు. ఆదివారం గుడి తప్పని మనుషులు, అబద్ధమాడితే నాలుక మీద వాత పెడతానని పిల్లల్ని బెదిరించే మనుషులు. వాళ్ల గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. పోయిన నెల ఊరికి వెళ్లొచ్చాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మాది డోర్నకల్ దగ్గర పల్లె. అప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. రైలెక్కేవాళ్లకు డోర్నకల్ అంటే జంక్షన్, కొత్తగూడెం వైపు లైను చీలేది అక్కడే. మాకు మాత్రం డోర్నకల్ అంటే పెద్ద గుడి. ఎపిఫనీ కెథడ్రల్. గుమ్మటాలు చూస్తే మసీదులా, స్తంభాలు చూస్తే కోవెలలా ఉండి, లోపలికి వెళితే మన చర్చి. అజరయ్య బిషప్ గారు కట్టించారు, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆయనది తమిళదేశం, తిరునెల్వేలి వైపు. మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయి, 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశారు. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఆయన గురించి ఇంటి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాళ్లు.

నాన్న, టైలర్ చిన్నాయన, గ్యాంగ్‌మన్ మామ, మేస్త్రి పెదనాన్న నలుగురూ డోర్నకల్ బోర్డింగులో కలిసి చదివారు. చదివారు అంటే పెద్ద చదువులేం కాదు. ఒకరు ఎనిమిది, ఒకరు పది. కానీ ఒకే చాప మీద పడుకుని, ఒకే గంట మోగితే లేచి, ఒకే వరుసలో పళ్లేలు పట్టుకుని పెరిగారు. చుట్టరికం ఏమీ లేదు. పెద్దయ్యాక చుట్టరికాలు వాళ్లే పెట్టుకున్నారు, అందుకే నాకు ఒకరు చిన్నాయన, ఒకరు మామ, ఒకరు పెదనాన్న అయ్యారు.

శనివారం రాత్రి నలుగురూ గుడిలో కూర్చుని ఆదివారం పాటలు అభ్యాసం చేసేవాళ్లు. మామ డోలక్, పెదనాన్న తాళాలు, చిన్నాయన హార్మోనియం. పాట నాన్నది. ఆ గొంతు గురించి నేను చెబితే కొడుకు కాబట్టి అంటాడనుకుంటారు. ఒక్కటి మాత్రం చెప్తాను. రాత్రి తొమ్మిది గంటలప్పుడు నాన్న పాడుతుంటే మా గుడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన, గుడికి రాని మనిషి, కొట్టు కట్టేయకుండా పాట అయ్యేదాకా కూర్చునేవాడు.

1997 వానాకాలంలో నాన్న పత్తి పెట్టాడు. మాకున్నది రెండెకరాలు, ఇంకో నాలుగెకరాలు కౌలుకు తీసుకున్నాడు. అంతకు ముందు రెండేళ్లు పత్తి పెట్టినవాళ్లు రేకుల షెడ్డు తీసి స్లాబు వేసుకున్నారు, ఎవరికి ఆశ పుట్టదు? ఆ ఏడాది వాన రావాల్సినప్పుడు రాలేదు, రాకూడనప్పుడు వచ్చింది. లద్దెపురుగు పడింది. పగలు చూస్తే మట్టిలో దాక్కుని కనపడేది కాదు, రాత్రికి చేను మీద పడేది. లాంతరు పట్టుకుని నాన్నతో పాటు వెళ్లినప్పుడు ఆకులు కొరుకుతున్న చప్పుడు నా చెవులతో విన్నాను. సన్న చినుకు పడుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఇప్పటికీ రాత్రిపూట రేకుల మీద తుంపర పడితే నాకు నిద్ర పట్టదు.

పురుగుమందు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఒకదాంట్లో ఇంకొకటి కలిపి కొట్టాడు. దుకాణంలో ఖాతా ఇరవై రెండు వేలు దాటింది, చేతిబదుళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు వస్తుందనుకున్న చేను, ఆరెకరాలకు కలిపి నాలుగు క్వింటాళ్లు ఇచ్చింది. మా ఒక్క ఇంటి కథ కాదిది. ఆ సీజన్లో వరంగల్ జిల్లాలో ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పేపరు వస్తే అమ్మ ముందే తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేది, నాన్న కంట పడకుండా.

నాన్న మాట్లాడటం మానేశాడు. శనివారం గుడికి వెళ్లడం మానేశాడు. ఆదివారం వెళ్లినా పాటల వాళ్ల దగ్గర కాదు, చివర తలుపు పక్కన కూర్చుని దీవెన కాకముందే లేచి వచ్చేవాడు.

డిసెంబరు రెండో వారం అనుకుంటా, రాత్రి భోజనాలప్పుడు గ్యాంగ్‌మన్ మామ వచ్చాడు. డ్యూటీ బట్టలతోనే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బావా, నా మిరప చేనుకు ముడత తగిలింది. నీ కాడ మందు మిగిలిందంట గదా. ఇయ్యి, ఎల్లుండి కొనిస్త."

నాన్న తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. మామకు మిరప చేను లేదు. అసలు సెంటు భూమి లేదు. ఉండే ఇల్లు కూడా రైల్వేవాళ్ల క్వార్టరు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు. మామ మాత్రం రైలు పట్టాల మీద పని చేసినవాడు కదా, అదే పట్టుదలతో కదలకుండా నిలబడ్డాడు. "తొందరగా ఇయ్యి బావా, పొద్దుగాల కొట్టాలె" అన్నాడు మళ్లీ.

నాన్న లేచి వెళ్లి గుమ్మి వెనక నుంచి డబ్బా తెచ్చి ఇచ్చాడు. మామ దాన్ని సైకిల్ క్యారియర్‌కు తాడుతో రెండు చుట్లు చుట్టి కట్టుకుని పోయాడు. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి అటు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతుంటే నాకు అప్పుడు సగమే అర్థమైంది.

మర్నాడు రాత్రి మామ మళ్లీ వచ్చాడు, చంకలో చాప, దుప్పటి. "క్వార్టర్ల కరెంటు లేదు, ఉక్కపోస్తుంది, ఈడ పండుకుంట" అన్నాడు. డిసెంబరు చలి. ఊరంతా మంటలు వేసుకుని కాగుతోంది. పది రోజులు మా అరుగు మీద, నాన్న పక్కన పడుకున్నాడు. అర్ధరాత్రి మెలకువ వస్తే ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటున్న గొంతులు వినిపించేవి. ఒక్కోసారి మాటలుండేవి కావు, మామ గొంతులో ప్రార్థన ఒక్కటే వినిపించేది. ఏమీ వినపడని రాత్రి లేచి తలుపు సందులోంచి చూసి, రెండు ముసుగులూ కనిపిస్తే పోయి పడుకునేవాణ్ని.

ఆ డబ్బాను పట్టాల అవతల గుంత తీసి పూడ్చాడని చాలా ఏళ్ల తరువాత అత్త చెప్పింది. నాన్న ఆ రోజుల్లో ఏం అనుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. అడగను.

ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో ఎవరికీ కొత్తబట్టలు లేవు. ఇరవై మూడో తేదీన టైలర్ చిన్నాయన పిలిచి ఒక చొక్కా చేతిలో పెట్టాడు. ఎవరో కుట్టించుకుని మూడు నెలలైనా తీసుకుపోలేదట, ఊరికే పాడైపోతోందట, నాకు సరిపోతుందేమో చూడమన్నాడు. లేత నీలం గళ్ల చొక్కా. తొడుక్కుంటే భుజాలు, చేతులు, మెడ అన్నీ నా కొలతలే. ఎడమ భుజం నాకు కొంచెం కిందికి ఉంటుంది, అక్కడ గుడ్డ సర్ది కుట్టి ఉంది.

ఇక కోత పండుగ. తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని మీ ఊరి పండుగ తలుచుకోండి. పంటలు ఇళ్లు చేరాక సంఘమంతా తొలిపంట దేవుని సన్నిధికి తెస్తుంది. బలిపీఠం చుట్టూ చెరకు గడలు, అరటి బోదెలు, వరి కంకుల గుత్తులు. వాటి ముందు గుమ్మడికాయలు, కందిపప్పు, ఎండుమిర్చి, గంపలో గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒకరిద్దరు మేకపిల్లల్ని కూడా తెస్తారు. ఆరాధన మధ్యలో మేకపిల్ల అరిస్తే పిల్లలం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద వేలం. వచ్చిన డబ్బు సంఘానికి.

ప్రతి ఏడాదీ నాన్న ఒక బస్తా వడ్లు భుజాన వేసుకుని వెళ్లేవాడు. ఆ ఏడాది "నేను రాను, మీరు పోండి" అన్నాడు. అమ్మ మాట్లాడకుండా పందిరెక్కి సొరకాయ కోసింది. ఒక్కటే ఉంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, పక్కన పిడికెడు బియ్యం ముంత పెట్టుకుంది. మా సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేస్తారు. ఆ ఏడాది కూడా అమ్మ ఒక్క పూట మానలేదు. "మనకే సరిపోతలేవు గదమ్మా" అన్నాను ఒకసారి కోపంగా. "మన పిడికిలి చిన్నదైంది, అంతే" అంది. నాన్న ఆ ముంత చూసి ఏమనుకున్నాడో, లేచి చొక్కా వేసుకున్నాడు.

వేలంలో కూరగాయలు పది, పదిహేనుకు పోతున్నాయి. గుమ్మడికాయ ఇరవై ఐదు పలికింది. అప్పుడు సంఘ కార్యదర్శి మా సొరకాయ ఎత్తి పట్టుకున్నాడు. "సొరకాయ, రెండు రూపాయలు."

"ఐదు" అన్నాడు మేస్త్రి పెదనాన్న.

"పది" అన్నాడు చిన్నాయన.

"ఇరవై" అన్నాడు మామ, చెట్టు అవతల నుంచి.

జనం నవ్వారు. ముప్పై, నలభై, యాభై. పెదనాన్న అరవై అన్నప్పుడు కూడా ఇంకా నవ్వుతున్నారు. వంద దాటాక నవ్వులు ఆగిపోయాయి. పెదనాన్నకు అప్పట్లో రోజంతా గోడ కడితే వంద లోపే వచ్చేది. నేను నాన్న వైపు చూశాను. తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద గీస్తున్నాడు. నూట యాభై ఒకటి అని చిన్నాయన పాడాక మిగతా ఇద్దరూ ఊరుకున్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కోశాధికారి పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రాత్రి చిన్నాయన ఆ సొరకాయతో మా అరుగు ఎక్కింది అందుకే. ఆయన వెళ్లిన కాసేపటికి పెదనాన్న వచ్చాడు, సైకిల్ మీద అర బస్తా బియ్యం. "నూకలెక్కువున్నయమ్మా, మీ అక్క వండనంటుంది" అన్నాడు. అమ్మ పొద్దున చేటలో పోసి చూస్తే నూకలన్నవే లేవు. తరువాత మామ, చేతిలో కోడి. క్వార్టర్లో కోడిని పెంచనివ్వరట. వాళ్లకు అప్పటికే ఏడు కోళ్లున్నాయి.

వేరువేరుగా వచ్చినవాళ్లు ఎవరూ వెళ్లలేదు. చిన్నాయన మా ఇంటి మలుపులోనే ఆగి ఉన్నాడట, వెనక్కి వచ్చాడు. అమ్మ ఆ సొరకాయనే కోసి శనగపప్పు వేసి వండింది. ఇంట్లో సొరకాయ ఎవరూ తినరన్న మనిషి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ పూట మా ఇంట్లో అబద్ధం బయటపడిందని ఎవరూ అనుకోలేదు, ఎవరూ పైకి అనలేదు. అన్నం తిని చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

బియ్యం, కోడి, డబ్బు నేరుగా తెచ్చి ఇస్తే నాన్న తీసుకునేవాడు కాదు. అది వాళ్లకు తెలుసు. కానీ వాళ్లు చేసిన అసలు పని అది కూడా కాదు, నాకు తరువాతి ఆదివారం అర్థమైంది. ప్రకటనలప్పుడు కోశాధికారి కోత పండుగ కానుకలు పేరు పేరునా చదివాడు. మోతుబరుల వడ్లు, మేకపిల్ల, వరసగా చదువుకుంటూ వచ్చి నాన్న పేరు చదివి, "సొరకాయ ఒకటి, నూట యాభై ఒక్క రూపాయి" అన్నాడు. ఆ ఏడాది ఆ గుడిలో ఏ కూరగాయకూ రాని ధర అది. ఇంట్లో గింజ లేని ఏడాది మా నాన్న పేరు పుచ్చుకున్నవాళ్లలో కాదు, ఇచ్చినవాళ్లలో రాయించారు. తలుపు పక్కన కూర్చున్న నాన్న తలెత్తడం చూశాను. దీవెన అయ్యేదాకా కూర్చున్నాడు. ఆ శనివారం రాత్రి అన్నం తిని, ఎవరితో ఏమీ చెప్పకుండా కీర్తనల పుస్తకం తీసుకుని గుడికి వెళ్లాడు. మేము అరుగు మీద కూర్చుని విన్నాం. మొదటి పాట గొంతు బొంగురుపోయి సాగలేదు. రెండో పాటకు కుదురుకుంది.

ఆ కొన్ని నెలల్లోనే బయటి నుంచి కొందరు వచ్చి మా వాడలో దుప్పట్లు పంచారు. వరుసలో నిలబెట్టి, దుప్పటి ఇచ్చేటప్పుడు ఫొటో తీసుకున్నారు. రెండుసార్లు తీశారు, మొదటిసారి నాన్న కెమెరా వైపు చూడలేదని. మంచి దుప్పటే, వాళ్ల మనసు మంచిదే అయ్యుంటుంది, నేను కాదనను. కానీ ఆ దుప్పటి ఈ రోజుకీ మా ట్రంకు పెట్టెలో మడత విప్పకుండా ఉంది. సొరకాయ ఆ రాత్రే వండుకుని తిన్నాం.

నేను అప్పుడు ఇంటర్. పొద్దున ప్యాసింజర్‌కు ఖమ్మం వెళ్లాలి. పత్తి పోయాక అమ్మ తెల్లవారకముందే మిరపకాయలు ఏరడానికి కూలికి వెళ్లేది, నాకు అన్నం కట్టే తీరిక ఉండేది కాదు. స్టేషన్ పక్క క్వార్టరు దగ్గర గ్యాంగ్‌మన్ మామ భార్య, మా అత్త, చేతిలో రెండు గిన్నెల క్యారియర్‌తో నిలబడేది. "మీ మామ ఇయ్యాల తినకుండనే డ్యూటీకి పోయిండు. పాడైతది, తీస్కపో." తరువాతి రోజూ అదే మాట. ఏడాదిన్నర పాటు అదే మాట. పై గిన్నెలో ఎప్పుడూ ఒక ఉడకబెట్టిన గుడ్డు ఉండేది. క్వార్టర్లో కోళ్లను పెంచనివ్వరు కదా మరి. ఆ గుడ్డు తింటూ చదువుకుని నేను ఇంటర్ పాసయ్యాను, ఆ పైన ఎంతో కొంత చదివి ఉద్యోగస్తుణ్ని అయ్యాను. మామ 2019లో పోయాడు. ఆయనకు నేను థాంక్స్ అని ఒక్కసారి చెప్పలేదు. ఆ మాట ఎలా అనాలో, ఏ సందర్భంలో అనాలో తెలియక, రేపు మాపు అనుకుంటూ ఉండిపోయాను. ఇది రాస్తుంటే గొంతు పట్టేస్తోంది.

1998 జూన్‌లో విత్తనాలకు, వడ్డీ కట్టడానికి డబ్బు కావాలి. ఎక్కడా అప్పు పుట్టని సమయం. చిన్నాయన ఆరు వేల ఎనిమిది వందలు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. "మీ మరదలి తమ్ముడు పాత బాకీ తీర్చిండు. నా కాడ ఊరికే పడున్నయ్. వడ్డీ గిడ్డీ అంటే నేను రాను మీ ఇంటికి."

నాన్న ఆ ఏడాది మక్క, కంది పెట్టాడు. పత్తి జోలికి మళ్లీ పోలేదు. ఆ ఆరు వేల ఎనిమిది వందలు మూడేళ్లు పట్టింది తీర్చడానికి. తీర్చిన తరువాత తెలిసింది అసలు సంగతి, చిట్టి నడిపే ఆమె నోట. చిన్నాయన నెలకు ఐదు వందల చొప్పున ఇరవై నెలల పదివేల చిట్టి వేశాడు, కొత్త కుట్టు మిషన్ కొనుక్కుందామని. చివరిదాకా ఆగితే పదివేలు చేతికొస్తాయి. నాన్న కోసం ముందే మూడు వేల రెండు వందలు వదులుకుని పాట పాడి, మిగిలింది తెచ్చి ఇచ్చాడు. తరువాత నెలనెలా ఐదు వందలు కడుతూ పాత మిషన్ మీదే కుట్టాడు. ఆ ఏడాది రెండు పాటలు పాడాడు ఆయన. గుడి ముందు సొరకాయను నూటయాభై ఒకటికి పాడి కొన్నాడు, చిట్టిలో తన పదివేలను ఆరు వేల ఎనిమిది వందలకు పాడి ఎత్తాడు. రెండుసార్లూ నష్టమే ఏరికోరి పాడాడు.

నాన్న ఆ మూడు వేల రెండు వందలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి ఇద్దరికీ గొడవైంది. "నన్ను షావుకారిని చేస్తవా?" అని చిన్నాయన అరిచిన అరుపు వీధిలో వినిపించింది. మూడు వారాలు మాటల్లేవు. శనివారం హార్మోనియం ఒక మూల, నాన్న ఒక మూల. నెల మొదటి ఆదివారం వచ్చింది. ప్రభు భోజనానికి వరుసలో నడుస్తుంటే చిన్నాయన తన వరుస వదిలి వచ్చి నాన్న మోచెయ్యి పట్టుకున్నాడు. సహోదరునికి నీ మీద ఏమైనా ఉంటే ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉన్నదాన్ని వాళ్లిద్దరూ బోర్డింగులో కంఠస్థం చేసినవాళ్లే. ఇద్దరూ పక్కకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. చిన్నాయన అన్న మాట నేను విన్నాను, దగ్గరే ఉన్నాను కాబట్టి.

"పైసలొద్దు. నా బిడ్డ పెండ్లిల తెల్లారేదాంక పాడాలె. అది నా బాకీ."

2004లో ఆ పెళ్లి జరిగింది. నాన్న తెల్లారేదాకా పాడాడు. మధ్యలో రెండుసార్లు టీ తాగడానికి ఆపాడు, అంతే.

హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో చేరాక అజరయ్య గారి గురించి చదవడం మొదలుపెట్టాను. మా ఊళ్లో ఇంటి మనిషిలా విన్న ఆయన 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన మిషనరీల మహాసభలో మాట్లాడారని అప్పుడే తెలిసింది. అప్పటికి ఆయనకు ముప్పై ఐదేళ్లు, ఇంకా బిషప్ కాలేదు, ఆ అభిషేకం 1912లో. తెల్ల మిషనరీలకూ మనవాళ్లకూ మధ్య ఉన్న దూరం గురించి అంతమంది తెల్లవాళ్ల ముందు నిలబడి చెప్పారు. పేదలకు మీ ఆస్తి పంచారు, మీ ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం అని చెప్పి, చివరిగా "మాకు స్నేహితులను ఇవ్వండి" అన్నారు.

ఆ మాట చదివినప్పుడు నేను సిటీ బస్సులో ఉన్నాను. నా స్టేజీ దాటిపోయింది. నాకు కనిపించింది ఎడిన్‌బరో కాదు, సైకిల్ క్యారియర్‌కు తాడు చుడుతున్న మామ. అజరయ్య గారు అడిగినవి మా ఇంటికి అందాయి. ఆయన నాటిన నేల మీద, ఆయన పోయి యాభై మూడేళ్లయ్యాక, ఒక టైలరు, ఒక గ్యాంగ్‌మను, ఒక తాపీమేస్త్రి రూపంలో అందాయి. వాళ్లలో ఎవరూ ఆ ప్రసంగం గురించి విని ఉండరు.

నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటాయి. పాడితే ఆయాసం వస్తుంది, కూర్చుని పెదాలు కదుపుతాడు. పెదనాన్న మంచం మీద ఉన్నాడు, మనిషిని గుర్తుపడతాడు కానీ మాట తడబడుతుంది. నన్ను చూసి "బియ్యంల నూకలున్నయా?" అని అడిగాడు పోయిన నెల. ఏ బియ్యం గురించి అడిగాడో తెలియదు. "లేవు పెదనాన్నా, మంచి బియ్యం" అన్నాను.

అక్కడి నుంచి చిన్నాయన ఇంటికి వెళ్లాను. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇంకా మసకే. మిషన్ తొక్కడం ఎప్పుడో మానేశాడు కానీ చేతికుట్టు మానలేదు. అంచులు, గుండీలు, చిరుగులు, ఇరుగుపొరుగు తెచ్చిస్తారు. వెలుతురు కోసం గడప మీదే కూర్చుంటాడు. ఆయన కోసం హైదరాబాద్‌లో వెతికి, భూతద్దం అమర్చి ఉన్న టేబుల్ లైటు కొన్నాను. ఇస్తే తీసుకోడని తెలుసు. దారంతా ఆలోచించుకున్న మాటే చెప్పాను.

"ఆఫీసుల అందరికీ ఊరికే ఇచ్చిన్రు చిన్నాయనా. నాకు పనికిరాదు. పారేస్తే పాపం."

ఆయన లైటు పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. ఒక కన్ను నిండుగా, ఒక కన్ను మసగ్గా. ఇన్నేళ్లలో మొదటిసారి నేనంటే ఆయనకు ఏదో అర్థమైనట్టు చూశాడు. చిన్నగా నవ్వి, "మీ ఆఫీసోళ్లు మంచోళ్లున్నట్టున్నరు" అన్నాడు.

తరువాత ఒక రేకు డబ్బా నా ముందుకు జరిపాడు. సూదులు, దారపు ఉండలు. లైటు ఉన్నా సూదిబెజ్జం మాత్రం ఇక తన వల్ల కాదట, చిన్నమ్మకు అసలే కనపడదట. దారాలు ఎక్కించి పెట్టిపొమ్మన్నాడు. గడప మీద ఆయన పక్కన కూర్చున్నాను. నల్లదారం ఆరు, తెల్లదారం ఆరు, నీలం మూడు. ఒక్కొక్కటి మూరెడు మూరెడు వదిలి, చివర ముడి వేసి, పాత క్యాలెండర్ అట్టకు వరుసగా గుచ్చాను. ఆయన వేళ్లతో తడిమి లెక్కపెట్టుకున్నాడు.

"ఇంకో రెండు ఎక్కియ్యి బిడ్డా, మళ్ల ఎప్పుడొస్తవో" అన్నాడు.

ఇంకో ఐదు ఎక్కించాను.